డీజిల్ పార్టీ, పెట్రోల్ పార్టీ

మా అమ్మాయి హర్షిత పికప్ బండి కొనుక్కుంటానని ఈమధ్య నన్నూ, మా అమ్మనీ వెంటబెట్టుకుని షోరూముకి వెళ్ళింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కొన్నాళ్ళు చేసి మానేసి, ఇప్పుడది గోపన్‌పల్లి దగ్గర కాస్త జాగా కిరాయికి తీసుకుని మొక్కలు పెంచుతోంది. నల్లగండ్ల, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్ల బాల్కనీలకి కుండీలూ, మట్టీ, మొక్కలూ తీసుకెళ్ళి అమర్చి వస్తుంది. షోరూములో చల్లటి గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీలు తెప్పించి, టై కట్టుకున్న కుర్రాడొకడు ఎంతో మర్యాదగా అడిగాడు. "మేడమ్, డీజిల్ చూపించమంటారా, పెట్రోల్ చూపించమంటారా?" అంతే. అమ్మ నావైపు చూసింది, నేను అమ్మవైపు చూశాను. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పెద్దవాళ్ళం కదా, ఆపుకుందామని చూశాం. ఆపుకునేకొద్దీ ఎక్కువైంది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నా చేతిలో కాఫీ ఒలికింది. పాపం ఆ అబ్బాయి తన టై ఏమన్నా వంకరగా ఉందేమోనని సర్దుకున్నాడు. "ఏమైందమ్మా మీకు?" అని హర్షిత గుడ్లురిమింది. దానికేం తెలుసు, ఆ ప్రశ్న ఒకప్పుడు మా ఇంటిని నిలువునా రెండుగా చీల్చిందని.

అప్పటికి మేం తణుకు నుంచి హైదరాబాదు వచ్చి కొన్నేళ్ళయింది. నాన్నకి టెలిఫోన్స్ ఆఫీసులో ఉద్యోగం. కొండాపూర్‌లో అద్దె తక్కువని అక్కడ ఇల్లు తీసుకున్నాడు. తక్కువెందుకంటే అక్కడ ఏమీ లేదు గనక. ఇంటి వెనక ఏనుగుల గుంపు పడుకున్నట్టు పెద్ద పెద్ద రాళ్ళు, వాటి అవతల పాడుబడిన ద్రాక్షతోట. మా ఇంట్లో పొద్దు పొడవడమంటే మామ్మ లేవడం. మామ్మ అంటే నాన్నవాళ్ళమ్మ. చన్నీళ్ళు పోసుకుని, తడిచీర బిగించి, గొంతులోనే ఏదో స్తోత్రం చదువుకుంటూ పొయ్యి వెలిగించేది. ఆవిడ మడి కట్టుకున్నాక వంటింటి గడప మేం తొక్కకూడదు. ఇంగువ పోపు వాసన మాత్రం ఏ మడినీ లెక్కచెయ్యకుండా వచ్చి మా దుప్పట్లలో దూరేది. పక్కవాటాలో రాజమండ్రి వైపు కుర్రాళ్ళిద్దరు అద్దెకుండేవాళ్ళు. దగ్గర్లో కొత్తగా కట్టిన గుండ్రటి పెద్ద గాజు భవనంలో కంప్యూటర్ ఉద్యోగం. ఆ ఇంగువ వాసన వాళ్ళకీ వెళ్ళింది. ఒకరోజు సిగ్గుపడుతూ వచ్చి, "అమ్మగారూ, మాక్కూడా కాస్త అన్నం పెడతారాండి?" అన్నారు. అమ్మ పెట్టింది. వాళ్ళు వెళ్ళి ఆఫీసులో చెప్పారు. అక్కడినుంచి మా ఇంటి పప్పుచారుకి పేరొచ్చింది.

మొదట్లో క్యారేజీలన్నీ నాన్న స్కూటరు మీదే వెళ్ళేవి. ముందు కాళ్ళ దగ్గర సాంబారు డబ్బా, హ్యాండిల్‌కి అటూ ఇటూ సంచులు, వెనక నేను, నా రెండు చేతులకీ రెండు దండల్లా క్యారేజీలు. గుంత వచ్చినప్పుడల్లా నాన్న "పట్టుకో సుధా, పట్టుకో" అనేవాడు. ఏ చేత్తో పట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. అలా సాగుతుండగా ఒకేవారంలో రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి, నాన్నకి శ్రీకాకుళం బదిలీ. రెండోది, ఆ భవనంలో ఒక కంపెనీ క్యాంటీన్ చూసుకునే సుబ్బారెడ్డి గారు మా ఇంటికి రావడం. ఆయనది కడప వైపు. కూర్చోకుండానే మాట్లాడాడు. "అమ్మా, మా ఫ్లోర్ మొత్తానికి మధ్యాన్నం కూడు మీరే పెట్టాల. ఒగటే మాట, అన్నం పొగలు కక్కతా రావాల, టయానికి రావాల. ఒక వారం చూస్తా. బాగుంటే ఏడాదంతా మీదే."

ఆ పని గనక కుదిరితే నాన్న ఉద్యోగం వదులుకున్నా ఇల్లు గడుస్తుంది. కుదరకపోతే సామాను కట్టుకుని శ్రీకాకుళం పోవడమే. శ్రీకాకుళం అంటే నాకేం కోపం లేదు గానీ, నేను డిగ్రీ చదువుతున్నాను, నా స్నేహితులందరూ ఇక్కడే, పైగా ఆ రాళ్ళంటే నాకు ప్రాణం. అమ్మ మాత్రం మేం పోట్లాడుకుంటుంటే చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చునేది.

స్కూటరు మీద ఒక ఫ్లోర్‌కి సరిపడా భోజనం వెళ్ళదు కాబట్టి బండి కావాలి. మా వీధి చివర యాదగిరి గారని ఉండేవాడు. అక్కడి మనిషే, తాతలనాటి నుంచీ కొండాపూర్ వాళ్ళే. పాత బళ్ళు కొని బాగుచేసి అమ్మేవాడు. అమ్మని చెల్లె అనీ, మామ్మని అవ్వ అనీ పిలిచేవాడు. నాన్న అడిగితే తల గోక్కుని, "సారు, నా తాన రెండు పికప్‌లున్నయి. ఒకటి డీజిల్, ఇంకోటి పెట్రోల్. రెండూ నడిపి చూడుండ్రి. నచ్చింది ఉంచుకోండ్రి, నచ్చనిది వాపస్. జర కూడా ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇల్లు రెండు పార్టీలైంది. నాన్నది డీజిల్ పార్టీ. "డీజిల్ చవక. లీటరుకి ఎక్కువ దూరం వస్తుంది. బరువు లాగాలంటే డీజిలే. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు అన్నీ దేనిమీద నడుస్తున్నాయి? వాళ్ళందరూ వెర్రివాళ్ళా?" మామ్మది పెట్రోల్ పార్టీ. ఆవిడ వాదం పూర్తిగా శాస్త్రోక్తం. "పెట్రోలు ఒలికితే ఆవిరైపోతుందిరా, మైల మిగలదు. డీజిలు జిడ్డు. చేతికంటితే సున్నిపిండితో తోమినా పోదు. కిరసనాయిలు కంపుకొట్టే బండిలో పులిహోర పెట్టి ఎవరికి నైవేద్యం పెడతావు?" నాన్న బిత్తరపోయాడు. ఆఫీసులో యూనియన్ నాయకుల నోరు మూయించిన ఆయన, పెట్రోలుకి మడి ఉందనేసరికి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. నేనూ పెట్రోల్ పార్టీలో చేరాను. నా కారణం ఇంకా అన్యాయం. బంకు దగ్గర పెట్రోలు వాసన నాకిష్టం, నాన్న పోయిస్తుంటే ముక్కు ఎగబీల్చి మరీ పీల్చేదాన్ని. ఆ వారమంతా వడియాలు పెడుతున్నా అదే గొడవ, తలంటుకుంటున్నా అదే గొడవ. నూనె కారుతున్న తలతో నాన్న "టార్క్ అని, బరువు లాగే శక్తి ఒకటుంటుందమ్మా" అని వివరిస్తుంటే, మామ్మ కుంకుడుకాయలు చితక్కొడుతూ "దాన్నీ నీ డీజిల్లోనే పోసుకో" అనేది.

మొదట డీజిల్ బండి వచ్చింది. యాదగిరి గారే నడపడానికి కూర్చున్నాడు. గిన్నెలన్నీ వెనక సర్ది, మామ్మ పర్యవేక్షణకని ముందు సీటులో ఎక్కి, ఆవిడ పక్కన నేను ఇరుక్కున్నాక ఆయన తాళం తిప్పాడు. ఎదురుగా ఎర్రటి లైటు వెలిగింది. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమిటి నాయనా, కదలవేం?" అంది మామ్మ.

"ఆగవ్వా. ఆ లైటు ఆరినంకనే స్టార్ట్ చెయ్యాలె. ఇంజన్ వేడి గావాలె గద."

మామ్మ మొహం మాడిపోయింది. "దీపం ఆరేదాకా ఆగి బయల్దేరడమా? ఏ పంచాంగంలో ఉందిరా ఇది?"

దీపం ఆరింది, ఇంజన్ మొదలైంది. మొదలవడమంటే మామూలుగా కాదు. మా ఇంటి అరుగుమీది రాగిచెంబు దానంతటది నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. కొత్తగూడ దగ్గర రాళ్ళమధ్య నిట్టనిలువు ఎత్తు ఒకటుండేది. బండి దాన్ని చీమ గోడ ఎక్కినంత సులువుగా ఎక్కేసింది. వెనక స్కూటరు మీద వస్తున్న నాన్న, ఒక చెయ్యి వదిలి మరీ నాకు విజయసంకేతం చూపించాడు. కానీ ఆ కుదుపుకి వెనక గిన్నెల మూతలన్నీ తాళాలు వాయిస్తున్నాయి. చేరుకుని పెరుగు గిన్నె మూత తీస్తే లోపల పెరుగు లేదు. పొద్దున గడ్డకట్టి, గరిటె నిలబడేలా ఉన్న పెరుగు పల్చగా చిలికిపోయి, పైన ముద్దలు ముద్దలుగా తేలుతోంది. సుబ్బారెడ్డి గారు తొంగిచూసి, "ఏందమ్మా ఇది, పెరుగా, మజ్జిగా?" అన్నాడు. డీజిల్ని రచ్చకీడ్చే అవకాశం చేతికందిన మామ్మ ఏమంటుందోనని నేను చూస్తున్నాను. ఇంటి పరువు ముందు ఆవిడకి పార్టీ పట్టలేదు. "రెండూను. పైన తేలేది వెన్న. ఈ ఊళ్ళో ఎవరు పెడుతున్నారు నాయనా నీకు, వెన్న తేలే మజ్జిగ?" అంది నదురూ బెదురూ లేకుండా. ఆ కుర్రాళ్ళు గ్లాసులకి గ్లాసులు తాగేశారు. ఇంటికొచ్చాక మాత్రం నాన్నని కూర్చోబెట్టి కడిగేసింది. "కవ్వం కావాలంటే కవ్వమే కొనుక్కోరా, బండి పేరుతో ఎందుకు?"

మర్నాడు పెట్రోల్ బండి. తాళం తిప్పితే పిల్లి గుర్రుపెట్టినట్టు చిన్న చప్పుడు, అంతే. మామ్మ సీటులో వెనక్కి వాలి, "చూశావుటే, పట్టుపరుపు" అంది. నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని కోసుకుంటూ కూర్చున్నాను. మేం గెలిచేశాం అనుకున్నాం. ఆ ఎత్తు వచ్చింది. సగందాకా ఎక్కింది. అక్కడ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. యాదగిరి గారు మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆగింది. వెనక అన్నం గుండిగలు, సాంబారు, కూరలు, ముందు మేం. "బరువు తగ్గాలె. అవ్వా, నువ్వు జర దిగు" అన్నాడాయన. "నేనెంత బరువురా, ఎండుపుల్లలా ఉంటాను" అంటూనే మామ్మ దిగింది. నేను దిగాను. స్కూటరు ఆపి నాన్న వచ్చాడు. ఆయన మొహంలో వెలుగు చూడాలి. "నేనేమీ అనటం లేదమ్మా" అన్నాడు మామ్మతో. అంతకన్నా ఏమనాలి?

అన్నం చల్లారిపోతోంది. సుబ్బారెడ్డి గారి "టయానికి" అన్న మాట నా చెవుల్లో మోగుతోంది. నాకు శ్రీకాకుళం కళ్ళముందు కనపడింది. అప్పుడే టీ తాగి ఆఫీసుకి నడిచి వెళ్తున్న కుర్రాళ్ళ గుంపొకటి మమ్మల్ని చూసింది. వాళ్ళలో మా పక్కవాటా ఇద్దరూ ఉన్నారు. "ఒరేయ్, మన అన్నంరా" అని అరిచాడొకడు. మెడలో వేలాడే ఐడీ కార్డులు వీపు మీదికి తోసుకుని, మడతనలగని చొక్కాల చేతులు పైకి మడిచి, అందరూ బండికి భుజాలానించారు. మామ్మ వెనక నిలబడి, మడీ గిడీ మరిచిపోయి, "హైలెస్సా" అని పడవ లాగేవాళ్ళ కేక అందుకుంది. వాళ్ళూ అందుకున్నారు. ఆ గాజు భవనం కిటికీల దగ్గర జనం నిలబడి చూస్తున్నారు. పైకి చేరేసరికి అందరం నవ్వి నవ్వి వంగిపోయాం. అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సుబ్బారెడ్డి గారు గడియారం చూసుకుని, తన ఫ్లోర్ కుర్రాళ్ళే అన్నం తోసుకురావడం చూసి, మీసంలో నవ్వుకుని, "ఇంగ నాలుగు దినాలుండాయి" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర రెండు పార్టీలూ తేల్చుకోవాలనుకున్నాయి. యాదగిరి గారిని కూడా పిలిచాం. "పెరుగు పాడవుతుంది." "ఎత్తు ఎక్కదు." "కంపు." "ఖర్చు." అరిచి అరిచి అలిసిపోయాం. అప్పుడు అమ్మ, యాదగిరి గారి విస్తట్లో మజ్జిగ పోస్తూ, మామూలుగా అడిగింది.

"అన్నయ్యగారూ, రెంటిలో దేనికండీ క్లచ్ మెత్తగా ఉండేది?"

ఎవరికీ అర్థం కాలేదు. "ఎందుకు చెల్లె?" అన్నాడాయన.

"రోజూ మీరు రాలేరు కదండి. ఈయనకి స్కూటరు తప్ప రాదు. సుధకి కాలేజీ. మరి నడిపేదాన్ని నేనే కదా."

వారంరోజులుగా ఏ నూనెతో నడవాలని కొట్టుకుంటున్నాం గానీ, ఎవరు నడపాలన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మకి సైకిలు కూడా రాదు. అందరికన్నా ముందు తేరుకున్నది మామ్మే. "కోడలు నడిపితే నేనెక్కుతాను. ఈ యాదగిరి గుంతలన్నీ వెతుక్కుని మరీ దింపుతున్నాడు" అంది. యాదగిరి గారు పడీపడీ నవ్వాడు. "గిట్ల ముందుగాల చెప్తే అయిపోతుండె గద చెల్లె" అన్నాడు.

గోపన్‌పల్లి వైపు యూనివర్సిటీ గోడ పక్కన అప్పట్లో ఎంతో ఖాళీ నేల. పొద్దున్నే వంటకి ముందు అక్కడికి తీసుకెళ్ళి నేర్పేవాడాయన. మేమందరం వెనక తొట్టిలో నిలబడేవాళ్ళం. అమ్మ చీరకుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఉత్త పాదాలతో పెడల్స్ మీద కాలు పెట్టేది. పెట్రోల్ బండి అమ్మతో అస్సలు కుదరలేదు. క్లచ్ వదలగానే ఎగిరి ఆగిపోయేది. మేం వెనక ఒకళ్ళమీదొకళ్ళం పడేవాళ్ళం. డీజిల్ బండి అలా కాదు. ఆక్సిలరేటర్ తొక్కకపోయినా, క్లచ్ మెల్లగా వదిలితే చాలు, ముసలి ఎద్దులా డగడగమంటూ తనదారిన తను కదిలేది. అమ్మ తప్పుచేసినా సర్దుకునేది. ఆ నేలంతా ఒక చుట్టు తిరిగొచ్చి, బండి ఆపి, అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. చెమటలు పట్టిన ఆ మొహంలో అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. "ఇదే తీసుకుందామండి. ఇది ఓపికమంతురాలు" అంది నాన్నతో. నాన్న డీజిల్ పార్టీ గెలిచిందని గంతులేస్తాడనుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. పొగ పడిందన్నాడు.

వారం గడిచింది, పని మాకే వచ్చింది. అమ్మకి లైసెన్సు చేతికొచ్చేదాకా యాదగిరి గారే నడిపాడు. ఆ తర్వాత ఒకరోజు అమ్మ నడుపుతూ, ముందు సీటులో మామ్మ పెరుగు గిన్నెని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, వెనక గిన్నెలకింద బొంతలు పరిచి, మేం బయల్దేరాం. మామ్మ ఓడిపోయి కూడా ఓడినట్టు ఒప్పుకోలేదు. జిడ్డు అంటకుండా సీటు మీద తన మడిచీర ముక్క పరుచుకుంది. ఆ ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇద్దరూ ఊపిరి బిగపట్టారు, ఎక్కాక ఇద్దరూ ఒక్కసారే కేరింత కొట్టారు. అత్తాకోడళ్ళు అలా కలిసి కేరింత కొట్టడం ఎవరు చూసి ఉంటారు? గేటు దగ్గర వాచ్‌మన్ బండి ఆపి లోపలికి తొంగిచూశాడు.

"డ్రైవరేడమ్మా?"

"నేనే బాబూ."

అతను బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు, ఇంకెవరన్నా దాక్కున్నారేమోనని. తర్వాత గేటు మొత్తం తెరిచాడు. సగం తెరిస్తే సరిపోయేది. నాన్న స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేసి, మా ఇంటి కూరగాయలు తరిగే శాఖకి బదిలీ అయ్యాడు. బెండకాయ ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండేవి.

ఇప్పుడు ఆ ఎత్తు ఎక్కడుందో నేను చూపించలేను. రాళ్ళు పేల్చారు, నేల చదును చేశారు, పైన ఫ్లైఓవర్ వేశారు. కొత్తగూడ దాటుతుంటే కారు కిటికీకి నుదురు ఆనించి, ఇక్కడేనా, ఇంకాస్త ముందా అని వెతుక్కుంటాను. ఆ ఫ్లోర్‌లో కూర్చున్న పిల్లలకి ఇప్పుడు ఫోన్లో నొక్కితే అన్నం వస్తుంది. తెచ్చినవాళ్ళ మొహం చూడకుండానే తీసుకుంటారు. అది తప్పని నేననను, వాళ్ళకి తీరిక లేదు. కానీ తమ అన్నాన్ని తామే భుజాలతో తోసుకుని ఎత్తెక్కిన ఆ కుర్రాళ్ళ ఆకలి రుచి వేరనిపిస్తుంది. మామ్మా, నాన్నా లేరు. మా పార్టీలూ లేవు. ఇప్పుడు ఇంట్లో ఎవరికేం కొనాలన్నా ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుని నిర్ణయించేసుకుంటున్నారు. దేని గురించీ వారంరోజులు పోట్లాడుకునే భాగ్యం లేదు.

షోరూములో హర్షిత డీజిలే అడిగింది, మట్టి బరువు కదా అని. టై అబ్బాయి నిజాయితీపరుడు. "మేడమ్, మీవి చిన్న చిన్న దూరాలు, అపార్ట్‌మెంటుకీ అపార్ట్‌మెంటుకీ మధ్య ఆపి ఆపి వెళ్ళడం. ఇప్పటి డీజిల్ బళ్ళకి పొగ వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. అప్పుడప్పుడూ దూరం పోకపోతే అది మూసుకుపోయి పరేషాన్ చేస్తది. ఇప్పటి పెట్రోల్ బళ్ళూ బరువు బాగానే లాగుతాయి" అన్నాడు. నేను వెంటనే డీజిల్ తరఫున లేచాను, మా ఇంటి గౌరవం అది. టార్క్ గురించి నాన్న చెప్పినవన్నీ చెప్పాను. అమ్మ నన్ను ఆపి, రెండు బళ్ళూ ఎక్కి కూర్చుని, రెండూ స్టార్ట్ చేయించి, కళ్ళుమూసుకుని విని, దిగి, "పెట్రోలు తీసుకోవే" అంది మనవరాలితో.

"అమ్మా, నువ్వా?" అన్నాను. పార్టీ మార్చేసిన నాయకుణ్ణి చూసినట్టు చూశాను.

"అప్పుడు నాకు నేర్పే బండి కావాల్సొచ్చింది. హర్షిత ఎప్పుడో నేర్చుకుంది. దీనికి పనికొచ్చేది తీసుకోనీ. ఈ పెట్రోల్ బండి బాగా లాగుతుందట, అబ్బాయి చెప్పాడుగా" అని, కాఫీ ఇంకోటి దొరుకుతుందా అని ఆ అబ్బాయినే అడిగింది.

బండి ఇచ్చినరోజు ముగ్గురం ముందు సీటులో ఇరుక్కున్నాం. మధ్యలో అమ్మ. హర్షిత నడుపుతోంది. ఇంటికెళ్ళడానికి నల్లగండ్ల వైపు తిరగాల్సినచోట నేనేదో చెబుతూ దాన్ని నవ్వించడంతో, చూసుకోకుండా ఫ్లైఓవర్ ఎక్కేసింది. ఎక్కితే మరి చివరిదాకా దిగడానికుండదు. కిందికి చూస్తే మా మలుపు వెనక్కి పోతోంది, మా అపార్ట్‌మెంటు వెనక్కి పోతోంది. "అయ్యో, ఇప్పుడెట్లా?" అని హర్షిత కంగారుపడింది.

"ఈ రోడ్డు ఎక్కడికి పోతుందే?" అంది అమ్మ.

"తెలీదు అమ్మమ్మా. చాలా దూరం పోవాలేమో."

అమ్మ కిటికీ అద్దం దింపమని నాకు సైగచేసింది. గాలి దూసుకొచ్చి ముగ్గురి జుట్టూ ఎగరగొట్టింది. "ట్యాంకు నిండా పోయించాంగా. పోనీ" అంది.